పైచుట్టు బరువు

ఇప్పుడు చెబితే నమ్మరు గాని, రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో అమలాపురంలో నెట్‌వర్క్ అన్న మాట తడబడకుండా పలికితే చాలు, ఇంజనీరు అనేవారు. నేను చక్కగా పలికేవాడిని. (కంప్యూటరు సొంతంగా నేర్చుకున్నవాడికి ధైర్యం ఒక పాలు ఎక్కువే.) ఆ ధైర్యంతో ఒక రొయ్యల మేత డీలరుగారి దగ్గర చేరాను. పని చూసి నచ్చితేనే ఉంచుకుంటానన్నారు. కొట్టు అమలాపురంలో, గోదాము ఐ.పోలవరంలో. బిల్లులు రాసే పాత ప్రోగ్రాము తన కాలపు పద్ధతిలోనే సమాచారాన్ని పొట్లాలు కట్టి పంపేది. ఇంటర్నెట్టు వాటిని ముట్టుకునేది కాదు. అందుకని పాత పొట్లాన్ని ఇంటర్నెట్టు పొట్లంలో పెట్టి పంపి, అవతల పైచుట్టు విప్పే ఏర్పాటు చేశాను. దీన్ని సొరంగం అంటారని చెబితే షావుకారుగారు రోడ్డు వైపు చూసి, "మున్సిపాలిటీ వాళ్ళతో మాట్లాడమంటారాండీ?" అన్నారు.

ప్రారంభోత్సవానికి ఆయన బావగారు కూడా వచ్చారు. మోడెముకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. (నీళ్ళు దానిమీద పడకుండా నేను అడ్డు నిలబడ్డాను.) పరీక్షకి చిన్న సందేశం పంపాను. "ఆయ్, వచ్చేసిందండి!" అన్నారు గోదాము గుమస్తాగారు ఫోనులో. కాజాలు పంచారు. తరవాత అసలు బిల్లు పంపాను. కదల్లేదు.

"ఎందాకా వెళ్ళిందండీ?" అన్నారు బావగారు.

"మురమళ్ళ ఊరు దాటేసుంటదండి," అన్నారు షావుకారుగారు, నా తరఫున. నావైపు తిరిగి, "చిన్నది వెళ్ళింది కదండీ, మరి దీనికేవొచ్చింది?"

"లైను కొత్తదండి. ఒక్కసారే పెద్ద బరువు మోయదు," అన్నాను గంభీరంగా. తోచక అన్న మాట. బిల్లును ముక్కలు చేసి పంపితే, నా ఖర్మకొద్దీ, వెళ్ళింది. అక్కడికక్కడే హుకుం జారీ అయింది: ఏ బిల్లులోనూ నాలుగు పద్దులకు మించి రాయకూడదు. "మేతొక సంచీ, కాగితాలొక సంచీనాండీ?" అన్నారొక చెరువు రైతు.

ధాన్యం కాటాలో గోనె బరువు తీసేసే ఊళ్ళో పుట్టి, పైచుట్టుకీ బరువుంటుందని నాకు అప్పటిదాకా తట్టకపోవడమే వింత. లోపలి పొట్లమే లైను మోసే హద్దు నిండా ఉంటే, చుట్టు కలిసేసరికి హద్దు దాటుతోంది. లోపలిదాన్ని చుట్టు బరువెంతో అంత, ఇరవైనాలుగు బైట్లు, తగ్గించాను. ఎంత పెద్ద బిల్లయినా జారిపోయింది. పరుగున వెళ్ళి చెప్పాను.

షావుకారుగారు కంగారుపడ్డారు. "వద్దండీ బాబూ! చల్లగా నడుస్తున్న లైనండి, కష్టపెట్టకండి. తవరు చెప్పిందేగా!" లైను బాధ తెలిసినవాడినని ఆ రోజే నా ఉద్యోగం ఖాయం చేశారు.

నేనున్నన్నాళ్ళూ అక్కడ ఐదో పద్దున్న బిల్లు చూడలేదు. నాలోని ఆ గంభీరమైన కుర్రాడు "తెలీదండి, చూసి చెబుతాను" అనుంటే ఎంత కాగితం మిగిలేదో అనుకుంటాను. మర్నాడే ఇంటికి పంపేసేవారనుకోండి, అది వేరే సంగతి.