తిండికి మాత్రమే: మునేటి ఒడ్డుకు ఒక ప్రయాణం

మొన్న వేసవిలో నేను నందిగామ వెళ్ళింది పోలమ్మ కోసం. మునేటిలో చేపలు పట్టుకుని బతికే కుటుంబం ఆమెది. ఈ ఏడు ఏటి చేపల వేలం మా తమ్ముడు పాడుకున్నాడు. అతని మనుషులు ఆమె వలలు లాక్కున్నారు. వలలు రాకపోతే ఊరు విడవాల్సిందేనని జగ్గయ్యపేటలో మా ఇంటి దాకా వచ్చి ఏడ్చింది. ఆ వారమే పత్రికలో తిమింగలాల వేట మీద దేశాలు కలిసి చేసుకున్న చట్టం గురించి చదివాను. వ్యాపారపు ఓడలకు హద్దులు పెట్టారట. కొన్ని జాతులను ఆ ఓడలు అసలు ముట్టకూడదట. మంచు సముద్రాల తీరాన ఉండే ఆదివాసులు మాత్రం తమ తిండికి వాటిని వేటాడుకోవచ్చట. దేవుడే దారి చూపాడనుకున్నాను.

తెల్లవారుతూనే, వెనక పొయ్యిలో బొగ్గు మండించి నడిపే బొగ్గు బస్సు ఎక్కాను. టిక్కెట్టు తొమ్మిదణాలు.

"వెనక సీటొద్దండి అమ్మగారూ! నందిగామ చేరేసరికి నాకంటే నల్లబడతారు" అన్నాడు డ్రైవరు. ముందుకు వెళ్ళి కూర్చున్నాను.

ఎండ ముదరకముందే తమ్ముడి ఇల్లు చేరాను. సంగతి విని నవ్వాడు.

"చేప వాసనకే ముక్కు మూసుకుంటావు, చేపల తగువుకొచ్చావా అక్కా?"

తిమింగలాల చట్టం చెప్పాను. "వాళ్ళ తిండికి వాళ్ళను పట్టుకోనీరా" అన్నాను.

"మునేట్లో తిమింగలాలు కూడా ఉన్నాయా ఏంటి? సరే, నీ మాటే. తినడానికి పట్టుకోమను. ఒక్క చేప సంతలో కనపడిందా, వలలు మళ్ళీ ఇవ్వను."

వలలు బండిలో వేయించి నాలుగణాలకు ఏటి ఒడ్డుకు వెళ్ళాను. పోలమ్మ వలలను ఒళ్ళో పెట్టుకుని చిక్కులు తీయసాగింది. షరతు చెప్పగానే చేతులు ఆగిపోయాయి.

"అమ్ముకోకూడదా? మరి బియ్యం ఎట్టా వస్తయి అమ్మగారూ? ఉప్పెట్టా? పొద్దస్తమానం చేపలే తింటామా?"

మళ్ళీ తమ్ముడి దగ్గరకు వెళ్ళాను.

"నువ్వడిగిందే ఇచ్చా గదక్కా" అన్నాడు. ఇంకేం చెప్పినా వినలేదు.

తిరుగు బస్సులో జపం మీద మనసు నిలవలేదు. మంచు తీరాల వాళ్ళకు ఉప్పు, గుడ్డ ఎలా వస్తాయని ఆ చట్టం రాసినవారు అడిగారో లేదో నాకు తెలియదు. నేనైతే పోలమ్మను అడగలేదు. వారం తిరక్కుండా పోలమ్మ వాళ్ళు వలలు మోసుకుని చెవిటికల్లు వైపు, కృష్ణ ఒడ్డుకు వెళ్ళిపోయారని కబురొచ్చింది. ఎవరి తరఫునైనా మాట్లాడటానికి అటు వెళ్ళేవారికి ఒక మాట. నందిగామలో దిగగానే ముందు బండి కట్టించుకుని ఏటి ఒడ్డుకు పొండి; పెద్దల ఇంటికి ఆ తర్వాత. తిరుగు బస్సు దీపాలవేళకు ముందే వెళ్ళిపోతుంది.