వానకు నేను పెట్టిన గడువు

ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో నాలుగో మంగళవారం, తెల్లవారుజామున అయిదు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఎంత నమ్మేదాన్నో గడియారాన్నీ అంతే నమ్మేదాన్ని. మా నాన్న సాలూరు బస్టాండులో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాయందే ఆయనకు అన్నం దిగేది కాదు. ఆ ఇంట్లో పెరిగి, పంతొమ్మిదేళ్ళకు హుకుంపేట కొండల్లోకి కోడలిగా వచ్చాను. కాపురానికి కొత్తే అయినా ప్రార్థనలో మాత్రం ఆరితేరాననుకునేదాన్ని. (ఏం అడిగానో, ఏ తేదీన దొరికిందో ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. అత్తకు చదువు రాదు గనుక నా భక్తి ఆమెకు రెండింతలని లోలోపల నా లెక్క.)

ఆ ఏడు కాఫీ మొగ్గలు బియ్యపు గింజల్లా బిగుసుకుని వాన కోసం చూస్తున్నాయి. వారంలోగా ఒక్క మంచి వాన పడకపోతే మొగ్గ మాడిపోతుంది, ఏడాది పంట పోతుంది. అందుకే అత్త మా తెల్లవారుజాము ప్రార్థనంతా వాన మీదే పెట్టింది. "పెబువా, వానివ్వు" అని ఆమె అంటే పక్కన చాప మీద నేను "ఆమెన్" అనాలి. అన్నాను. కానీ వాకిట్లో నేను ఉడకబెట్టి ఆరబోసిన పసుపు ఉంది. నేనే నాటి, నేనే తవ్వి, ఆ ఇంట్లో నాదని చెప్పుకోగలిగిన మొదటి పంట. ఇంకా నాలుగు ఎండలు కావాలి, తడిస్తే నల్లబడుతుంది. అందుకని ఆమెన్ తర్వాత పెదాలతో మాత్రం కలిపాను: "శనివారం సాయంత్రం నాలుగు దాటాక, ముప్పావుగంట, వడగళ్ళు లేకుండా." బుధవారమూ అంతే. (ఒకే చాప మీంచి రెండు అర్జీలు.)

గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి కొండ వెనక ఉరిమింది. అత్త పైన కాఫీతోటలో ఉంది. నేను లోపల అన్నం తింటున్నాను. దేవుడికి టైము చెప్పాను కదా అని కంచం ముందు నుంచి లేవలేదు. ఎనిమిది నిమిషాల్లో వాన దబదబా దిగింది. నేను బయటికి పరుగెత్తేసరికి, అప్పటికే కొండ దిగి వచ్చిన అత్త కొంగులోకి పసుపు ఎత్తుతోంది.

"ఏటే గుంటా, కొయ్యలా నిల్సుండిపోనావు? బేగి బుట్ట అట్టుకురా."

తెచ్చాను. ఇద్దరం బురదలో మోకాళ్ళ మీద ఏరాం. సగం వాలుకు కొట్టుకుపోయింది. ఏడుపు ఆగలేదు.

"అత్తా, వాన ఇప్పుడొద్దని అడిగేను."

"నీ పెదాలు కదలడం మంగళారమే సూసేన్లే. ఎప్పుడు రమ్మన్నావేటి?"

"శనారం నాలుగ్గంటలకి."

అత్త నవ్వాపుకోలేక కొంగులో పసుపు మళ్ళీ జారవిడిచింది. "ఆయనేటి మీ నాన్న బస్సేటే?"

"నీ మాటే విన్నాడు గదా. నా ప్రార్థనలో ఇస్వాసం లేదంటావా?"

"ఇనడం సంగతి నాకు తెల్దు. పోయినేడూ అడిగేను, రాలేదు, మొగ్గంతా మాడిపోనాది. మాయమ్మ కాడికెల్తే ఏదో ఒకటి అడుగుతాను. ఇవ్వనేదని ఎల్లడం మానేత్తానేటి?" కాసేపు ఏరి, మళ్ళీ అంది: "పసుపు సంగతి పైకే అడగాల్సింది. నేనూ ఆమెననేదాన్ని."

పదో రోజుకు తోటంతా తెల్లగా పూసింది. అప్పటి నుంచి నా అర్జీలూ పైకే చెప్పాను, ఆమెన్ అత్త చెప్పేది. అలా ఇరవై రెండేళ్ళు కూర్చున్నాం. ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను, ఆమెన్ కూడా నేనే చెప్పుకుంటున్నాను. గడువు పెట్టే బుద్ధి మాత్రం పోలేదు. నిన్న మోకాలి నొప్పి ఆరింటిలోగా తగ్గాలన్నాను; తొమ్మిదింపావుకు తగ్గింది.

ఆ గురువారం పోయినవి: పసుపు నాలుగు బుట్టల్లో రెండు, వెదురు చేట ఒకటి, చారు కలిపిన అన్నం ఒక కంచం (కోళ్ళు తినేశాయి).