స్టోరు గది తలుపు మీద ఎరుపు

2021 మార్చిలో నేను బర్మాలోని యాంగోన్‌లో, మింగళాడోన్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న కంపెనీలో నాణ్యత తనిఖీ అధికారిని. కరెంటు సరిగా రాని ఇళ్లకోసం చవక దీపపు పలకలు చేసేవాళ్లం. మామూలు నీలి ఎల్‌ఈడీ మీద క్వాంటమ్ డాట్లు పూసిన ప్లాస్టిక్ పొర అతికిస్తే తెల్లని వెలుగు వస్తుంది. ఈ డాట్లు కంటికి ఆనని స్ఫటిక రేణువులు. పదార్థం ఒకటే, రేణువు చిన్నదైతే ఆకుపచ్చగా, కాస్త పెద్దదైతే ఎర్రగా వెలుగుతుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, బ్లేడుతో గీకి పూతను పలచగా పరిచేవాళ్లం.

సైన్యం అధికారం చేజిక్కించుకుని నెల దాటింది. ఊరంతా నిరసనలు. ఫోన్లు సరిగా కలవవు, ముడిసరుకు రాదు. నలభైమందిలో ఆరుగురే పనికి వచ్చేవారు. అయినా నేను రోజువారీ తనిఖీ మానలేదు. పని ముగిశాక తెరలు దించి, లైట్లు ఆర్పి, అతినీలలోహిత టార్చితో అంతా చూడాలి. మామూలు వెలుతురులో కనబడని మరకలు ఆ టార్చికి నిప్పుకణికల్లా మెరుస్తాయి. వాటిని ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడవాలి. నన్ను వెనకాల ‘దెయ్యాల్ని వెతికే ఆవిడ’ అనేవారట. అననీ.

ఆ రోజు మధ్యాహ్నం అందరినీ పంపేసి ఒక్కదాన్నే టార్చి వేశాను. స్టోరు గది తలుపు మీద ఎర్రటి వేలిముద్రలు. ముందురోజు అవి లేవు. చూపుడువేలి గుర్తు సగమే ఉంది. ఆ వేలి కొస బ్లేడుకు తెగినది నూకరత్నానికి, ఊరి శివారు లైంగ్‌థార్యార్ నుంచి వచ్చే మా ఎర్రపూత టెక్నీషియన్‌కి. మాలాగే తరాలుగా బర్మాలో ఉన్న తెలుగింటి పిల్ల. నిరసన ఊరేగింపుల్లో తిరిగిందని సైన్యం వాళ్లు ఆమెకోసం వెతుకుతున్నారు. ఆరు రోజులుగా జాడ లేదు. చనిపోయిందనే అనుకున్నాను.

తలుపు తట్టాను.

“నేనే పిన్నీ. లైటెయ్యకు. సీకట్లో సీసా ఏదో కారిపోనాది, సేతులన్నీ అయిపోనాయి. ఎవులైనా ఒచ్చారేటి?”

జవాబు చెప్పేలోపే బయట ట్రక్కు ఆగింది. తలుపుకు తాళం వేసి, చేతికందిన గుడ్డతో ముద్రలు తుడిచేశాను. మసక వెలుతురులో తలుపు శుభ్రంగానే కనిపించింది. ఆ గుడ్డ పొద్దున ఎర్రపూత బల్ల తుడిచినదని కంగారులో గుర్తు రాలేదు.

ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు వచ్చారు. అధికారి స్టోరు తలుపు మీద అరచెయ్యి ఆనించి నెట్టాడు. తాళం తీయమన్నాడు. బల్లమీది టార్చి చూసి, ఇదేమిటని నొక్కాడు. తలుపంతా ఎర్రగా వెలిగింది. అతని అరచెయ్యి కూడా.

ఒక సిపాయి వెనక్కి జరిగి ఏదో మంత్రం గొణిగాడు. ఇందులో కాడ్మియం అనే విషం ఉందని చెప్పాను, అది నిజం. చర్మానికి అంటితే గంటలో రక్తంలోకి పోతుందనీ, లోపల డ్రమ్ము పగిలిందనీ చెప్పాను; అది పచ్చి అబద్ధం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పుడు అంకె రాయని దాన్ని, తడుముకోకుండా చెప్పేశాను. అతను కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. ఎంత తోమినా చేతిగీతల్లో ఎరుపు మిగిలే ఉంది. ఇది పోతుందా అని నన్ను అడిగాడు. తలుపు తీయించకుండానే వెళ్లిపోయారు.

తాళం తీసి టార్చి వేస్తే చీకట్లో రెండు ఎర్రటి కనురెప్పలు, బుగ్గలు. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నట్టుంది.

“ఎల్లిపోనారా పిన్నీ?”

టార్చికి ఏమీ కనబడనంతవరకు ఆమె ముఖం కడిగి, పొద్దుగూకేలోపు ఊరి నడిబొడ్డున పబేడాన్‌లోని మా తమ్ముడి కొట్టుకు పంపాను. అక్కణ్నుంచి ఎటు వెళ్లిందో అడగలేదు.

రిటైరయ్యేదాకా మళ్లీ ఏ గుడ్డనూ టార్చి కింద చూడకుండా వాడనివ్వలేదు. ఆ రోజు గుడ్డ శుభ్రంగా ఉంటే నూకరత్నం దొరికిపోయేది, నాకు తెలుసు. మేలు చేసిన తప్పు కూడా తప్పే. దాన్ని పద్ధతిలోకి రానివ్వకూడదు.