పేరు లేని వాటా

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడే ఇళ్లు మా అమీర్‌పేట చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అది మొండికేస్తే మొత్తం ఫార్మాట్ చేయించడమే దారి అనుకునేవాళ్లూ ఎక్కువే. మల్లేశం గారి సంగతి రాసిపెట్టాలనుకున్నది అందుకే.

గత వేసవిలో ఒక ఉదయం ఆయన, కూతురు స్వప్న కలిసి సీపీయూను ఆటోలో పెట్టుకుని పంజాగుట్ట నుంచి నా రిపేరు షాపుకొచ్చారు. ఆయన పెళ్లిపత్రికలు డిజైన్ చేస్తారు. ఆ పని విండోస్‌లో. స్వప్న ఇక్కడే కంప్యూటర్ కోర్సు చేస్తూ అదే డిస్క్‌లో లినక్స్ వేసుకుంది. ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న అక్షరాలే. గ్రబ్ అంటే బూట్‌లోడర్, కంప్యూటర్ లేవగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే చిన్న ప్రోగ్రామ్.

“గా లినక్స్ తీసి పారెయ్ అన్నా. నా దుకాణం నడవాలె,” అన్నారు మల్లేశం గారు.

“నేను ముట్టనే లేదు నానా! రేపు ఇంటర్వ్యూల ప్రాజెక్ట్ చూపియ్యాలె. అంతా అండ్లనే ఉంది,” అంది స్వప్న.

ఆయన అడిగింది తేలిక పనే. విండోస్ బూట్‌లోడర్ తిరిగి వేస్తే చాలు. కానీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే లినక్స్ పార్టిషన్, అంటే డిస్క్‌లో దాని వాటా, అసలు కనిపించలేదు.

“ఈమధ్య ఇందులో ఏమైనా తీసేశారా మల్లేశం గారూ?”

“ఫోటోలకు జాగ సాల్తలేదన్నా. పేరు గీరు లేని డబ్బా ఒకటి కనబడ్డది. ఖాళీదే గదా అని డిలీట్ కొట్టిన.”

“గదే నా లినక్స్ నానా!”

లినక్స్ రాతను విండోస్ చదవలేదు, అందుకే దాన్ని పేరు లేకుండా చూపిస్తుంది. మల్లేశం గారు స్టూలు మీద కూలబడ్డారు.

నాకు ఈ విద్య నేర్పింది కాలేజీ కాదు, లైబ్రరీ. అక్కడ చదివిన ఒక లావుపాటి పుస్తకం గుర్తొచ్చింది. పార్టిషన్ డిలీట్ చేస్తే ముందు పోయేది దాని హద్దుల లెక్కే. ఆ చోట ఇంకేదీ రాయనంతవరకు ఫైళ్లు అలాగే ఉంటాయి.

“ఆ జాగాలో ఏమైనా పెట్టారా?”

“పెడదామనేలోపే కరెంట్ పోయింది. మళ్ల ఆన్ చేస్తే గిదే కథ.”

ముందు డిస్క్ మొత్తాన్ని మరో డిస్క్‌లోకి కాపీ చేశాను. తర్వాత పోయిన హద్దులు వెతికే టూల్ నడిపితే, పాత పార్టిషన్ దొరికింది. హద్దులు తిరిగి రాసి, గ్రబ్ మళ్లీ వేశాను. మెనూలో రెండు సిస్టమ్‌లూ వచ్చాయి. స్వప్న ప్రాజెక్ట్ తెరిచి చూసుకునేదాకా ఆమె తండ్రి టీ ముట్టలేదు.

“అన్నా, జర గా మెనూల లినక్స్ అని గాదు, మా బిడ్డ పేరు పెట్టు. పేరుంటే యాదికుంటది.”

“విండోస్‌కు నాన్న పేరు పెట్టండి అంకుల్. లేకుంటే ఏది నొక్కాలె అని దినాం నాకే ఫోన్ చేస్తడు.”

అప్పటి నుంచి ఇలాంటి కంప్యూటర్ ఏది వచ్చినా, “ఇంకెవరు వాడతారు?” అని మొదట అడుగుతున్నాను. ఆ రెండో మనిషితో మాట్లాడాకే స్క్రూడ్రైవర్ పడతాను.

ఆ పుస్తకం నా కోసం పక్కన పెట్టి ఉంచిన లైబ్రరీ సరోజిని గారికి, అడగ్గానే ఖాళీ డిస్క్ ఇచ్చిన పక్క షాపు యూసుఫ్ భాయ్‌కి, పట్టు వదలని స్వప్నకు, జరిగింది దాచకుండా చెప్పిన మల్లేశం గారికి కృతజ్ఞతలు. సరిగ్గా ఆ సమయానికి కరెంటు తీసిన లైన్‌మన్‌కు కూడా. ఆయన పేరొక్కటే నాకు తెలియదు.