చీనీ తోటకొచ్చిన మిలిటరీ సహాయకుడు

మా అమ్మ తమ్ముడు ఢిల్లీలో రక్షణ మంత్రి దగ్గర సీనియర్ మిలిటరీ సహాయకుడు. ఈ వాక్యం మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. రక్షణ అర్థమైంది, మంత్రి అర్థమయ్యాడు, మిలిటరీ సరేసరి. సహాయకుడు దగ్గర అందరూ ఆగిపోయారు. మా కడప వైపు మంత్రి పక్కన నిలబడేవాళ్ళలో తుపాకీ పట్టుకునేవాడు ఉంటాడు, ఫోను పట్టుకునేవాడు ఉంటాడు, గుడికి పోయినప్పుడు చెప్పులు చూసుకునేవాడు ఉంటాడు. మామ ఏ రకమో తేల్చుకోలేక జనం అన్ని రకాల మర్యాదలూ కలిపి చేసేవాళ్ళు. కర్నూల్లో డిగ్రీ చదివాను కాబట్టి నాకు తెలుసని అనుకునేవారు. నేను కాదనలేదు.

పోయిన ఎండాకాలం ఆయన సెలవు మీద మా ఇంటికొచ్చాడు. సాయంత్రం మంచం మీద కూర్చోగానే ఎదురింటి తాత విచారణ మొదలుపెట్టాడు.

"అయితే మంత్రికి యుద్ధం సంగతులు నువ్వే చెప్తావాప్పా?"

"అవి సైన్యాధిపతులు చెప్తారు తాతా. ఆయన అడిగేది వాళ్ళకు, వాళ్ళు చెప్పేది ఆయనకు సరిగ్గా అందేటట్టు చూసేది నా పని."

"అంటే టపా ఆయన."

"టపా ఆయన కవరు విప్పడు. నేను విప్పి చదవాల. చదివి, మంత్రి ఏమడుగుతాడో ముందే అనుకొని, దాని జవాబు ఎవరి దగ్గర ఉండాదో చూసి పెట్టుకోవాల."

"మళ్ళ నువ్వేం చెప్తావు?"

"అడిగితే చెప్తా. అడక్కపోతే ఊరుకుంటా."

తాత చుట్ట వెలిగించుకుంటూ ఆలోచించాడు. "ఊరుకునేదానికి జీతమిస్తారా. ఈ ముక్క మా కోడలికి చెప్పు," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ఉద్యోగం నేను చాలా ఏళ్ళుగా జీతం లేకుండా చేస్తున్నాను.

మా నాయనకూ పెద్దనాయనకూ మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ వేరువేరు కారణాలు చెప్పారు. రెండూ నమ్మదగినవిగానే ఉన్నాయి. ఇళ్ళు రెండింటికీ మధ్య ఒకటే గోడ, పొలాలు రెండింటికీ మధ్య ఒకటే గట్టు, ఇద్దరికీ మధ్య నేను. నాయన, "ఆ పెద్దమనిషికి సిగ్గుంటే గట్టు తెగ్గొట్టిండడు, చెప్పు," అంటాడు. నేను గోడ చుట్టూ తిరిగిపోయి, "గట్టు వానకు తెగినట్టుండాదంట పెద్దనాయనా, ఒకసారి చూడమంటాండాడు," అంటాను. పెద్దనాయన అనే మాటలు ఇటు వచ్చేసరికి అవి కూడా అంతే చిక్కిపోయేవి. అలా రెండిళ్ళూ గొడవల్లేకుండా నడిచిపోయాయి. మాటల్లేకుండా కూడా.

ఆ ఎండాకాలం మాత్రం నా చేత కాలేదు. మా చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, నీళ్ళిచ్చే బోరు గాలి ఊదడం మొదలుపెట్టింది. ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి. నాయన ఒక్కో చెట్టునూ పేషంటును చూసినట్టు చూసి వచ్చేవాడు. నీళ్ళు చూసే ఆయన్ని పిలిపిస్తే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ లేచి నిలబడింది, కానీ గట్టుకు అవతల, పెద్దనాయన భూమిలో. కొబ్బరికాయకు మా ఇంటి రాజకీయాలు ఎవరూ చెప్పలేదు.

పెద్దనాయన చేలోనూ నీళ్ళు లేవు కాబట్టి ఇద్దరూ కలిసి వేయించుకోవడానికి పేచీ లేదు. పేచీ స్టార్టరు పెట్టె దగ్గర వచ్చింది. అది ఎవరి వైపు ఉంటే మోటారు వాళ్ళ చేతిలో ఉన్నట్టు. పక్క ఊరికి బోరు బండి వచ్చింది. మర్నాడు మా ఊరికి వస్తుంది. ఇది దాటితే వానలయ్యేదాకా దొరకదు. చెట్లు అంతవరకు ఆగవు.

అమ్మ తన తమ్ముడి ముందు మజ్జిగ పెట్టి, "దేశం తగాదాలు చూస్తావంట గదా, ఈ గట్టు తగాదా ఒకటి చూసిపో," అంది. నేను సంతోషంగా చార్జి అప్పగించి, పని నేర్చుకుందామని వెంట నడిచాను.

నాయన చెప్పాల్సింది చెప్పాడు. మామ గోడ చుట్టూ తిరిగిపోయి పెద్దనాయన ముందు కూర్చుని, కామా కూడా రాల్చకుండా అప్పజెప్పాడు. "బావ అన్నది ఇది. నా చెట్లకు నీళ్ళు పెట్టుకునేదానికి ఆ పెద్దమనిషి గడపలో నిలబడి అడుక్కోవాల్నా? దానికన్నా చెట్లు కొట్టేసి పొయ్యిలో పెట్టుకుంటా."

పెద్దనాయన తుండు దులిపి భుజానేసుకున్నాడు. "ఆ మాటన్నాడా?"

"అన్నాడు."

"పిల్లోడు ఎప్పుడూ ఇట్ల చెప్పలేదే," అని నా వైపు చూశాడు. నేను గోడ మీది బల్లిని చూశాను.

"పిల్లోడు చెప్పింది పిల్లోడి మాట బావా. ఇది మీ తమ్ముడి మాట."

"అట్లనా. నా మన్నులో బోరు, నా మన్నులోనే స్టార్టరు. వాడి తోట ఎండితే నేనేం ఏడ్చను. పోయి చెప్పు."

మామ వచ్చి చెప్పాడు. నాయన సంగటి ముద్ద నోటిదాకా తెచ్చి పళ్ళెంలో పెట్టేశాడు. అమ్మ తన తమ్ముణ్ణి చూసిన చూపుకు ఏ సైన్యమైనా వెనక్కి తగ్గేది. దేశాన్ని వీళ్ళేనా కాపాడుతున్నది అని నాకు మొదటిసారి భయమేసింది.

"ఢిల్లీలో కూడా ఇట్లనేనా మామా?"

"ఆడ ఇంకొంచెం మర్యాదగా తిట్టుకుంటారు."

"నేనైతే కొంచెం మార్చి చెప్తాంటి."

"మార్చి చెప్తే నిర్ణయం నాదైపోతుంది. నన్నెవరు ఎన్నుకున్నారు? మాట మార్చను. ఏది ముందు చెప్పాలో మాత్రం చూసుకుంటా."

"మళ్ళ తిట్లు ముందు చెప్తివి గదా?"

"వాళ్ళ దగ్గర అవే ఉండాయి గదా మొదట. అవి అయిపోతేనే కిందిది బయటికొస్తుంది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ గోడ చుట్టూ తిరిగాం. తిట్లు నిజంగానే అయిపోయినట్టున్నాయి, పెద్దనాయన ఒక ప్రశ్న అడిగాడు. "సరే, స్టార్టరు వాడి పక్క పెడితే, మోటారు కాలిన రోజు మెకానిక్కును ఎవరు పిల్చాల?"

ఇలాంటి చోట నేను ఆలోచించకుండా, "నాయనే పిలుస్తాడంట," అనేసేవాణ్ణి. మామ మాత్రం, "నాకు తెలీదు బావా, కనుక్కొని చెప్తా," అని లేచాడు.

అదే మొదలు. ప్రతి ప్రశ్నకూ ఇదే జవాబు, మళ్ళీ ఎండలో ఒక ప్రదక్షిణ. కరెంటు పోయొస్తే మోటారు ఎవరు వేయాల? తెలీదు, కనుక్కొని చెప్తా. ముందు ఎవరి చెట్లకు? తెలీదు. మధ్యాహ్నానికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. ఉన్నది ఒకటే గోడ కాబట్టి అవతలి ప్రశ్న నాయనకు వినబడుతూనే ఉంది. మామ వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉండేది. అయినా మామ ప్రశ్న మొత్తం చెప్పి, జవాబు మొత్తం విని, దాన్ని మోసుకుపోయేవాడు. ఇంతకంటే తెలివితక్కువ పని నేను చూడలేదు. ఆపాలనిపించింది కూడా. కానీ ఆయన బ్రిగేడియరు.

మర్నాడు పొద్దున బోరు బండి వచ్చింది. కొబ్బరికాయ లేచిన చోట వేసిన సున్నం గుర్తు దగ్గర నాయన ఒకవైపు, పెద్దనాయన ఒకవైపు, మధ్యలో మామ. బోరు మేస్త్రిది తమిళనాడు, తెలుగు అంతంతమాత్రం. సరిగ్గా అప్పుడే మామ ఫోను మోగింది. ఢిల్లీ అని చెప్పి, సిగ్నలు కోసం రోడ్డు కట్ట వైపు నడిచాడు. ఆయన ఖాళీ చేసిన చోట నిలబడదామని నేను అడుగు వేశాను.

"నువ్వు నాతో రా," అన్నాడు.

"ఏం పని మామా?"

"పనేం లేదు. ఊరికే నిలబడు."

కట్ట మీద ఆయన ఫోనులో హిందీలో ఏదో విన్నాడు. "తెలియదు సార్, కనుక్కుని చెప్తాను," అన్నట్టే వినిపించింది. ఆ ఫోను నిజంగా వచ్చిందో లేదో ఇప్పటికీ నా అనుమానం తీరలేదు.

కింద ఇద్దరూ మేస్త్రితో మాట్లాడుతున్నారు. నాయన మేస్త్రికి ఏదో చెప్తున్నాడు, పెద్దనాయన మేస్త్రికే కాదంటున్నాడు. మేస్త్రి అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. పాపం, ఆయనకు ఒక్క ముక్క అర్థమవుతున్నట్టు లేదు. నా ఉద్యోగం ఆయన నెత్తిన పడిందని తెలిసి కొంచెం బాధేసింది.

పొద్దు వాలేలోగా బురద నురగ లేచింది. నీళ్ళు. మామ ఆ రాత్రి బస్సుకే వెళ్ళిపోయాడు.

మోటారు దించే రోజు నల్ల పైపును పదిమందిమి పట్టుకున్నాం. నాయన గుంత దగ్గర వంగి, తల తిప్పకుండా, "గట్టిగా పట్టుకో," అన్నాడు. ఆయన వెనకాలే ఉన్నది నేను. పట్టు బిగించింది నా వెనకున్న పెద్దనాయన. కాసేపటికి పెద్దనాయన, "మీ నాయనకు చెప్పు, పైపు జారుతాండాది," అన్నాడు. నేను ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. "తెలుసని చెప్పు," అన్నాడు నాయన. ఇద్దరి మధ్య నేను తప్ప ఎవరూ లేరు.

ఆ రాత్రి మామ ఫోను చేశాడు.

"మాట్లాడుకున్నారా?"

"తెలీదు మామా."

"స్టార్టరు యాడ పెట్టినారు?"

"గట్టు మీద. ఎవరు చెప్పినారో తెలీదు. మెకానిక్కు అడిగితే ఇద్దరూ అదే చోటు చూపిచ్చినారు."

"నీళ్ళు?"

"రెండు పక్కలా పారతాండాయి."

"మళ్ళ అది ముందు చెప్పాల గదప్పా," అన్నాడు మామ.