చేతులు కట్టుకున్న డాక్టరు

యాక్సిడెంట్ కేసు వస్తే టీమ్ లీడర్ మంచానికి కాళ్ల వైపు నిలబడాలి, రోగిని ముట్టుకోకుండా ఎవరేం చేయాలో చెబుతుండాలి. పొద్దున తిరుపతిలో మా క్యాజువాల్టీ డాక్టర్లకు ఇచ్చిన ట్రైనింగ్ ఇదే. మధ్యాహ్నమే ఐరాల నుంచి, ట్రాక్టర్ బోల్తా పడి దెబ్బలు తగిలిన ఒకతన్ని తెచ్చారు. లీడర్ని నేనే. చెప్పినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తలుపు దగ్గర నుంచి వాళ్లమ్మ నా మీద విరుచుకుపడింది. "అందురూ తలా ఒక చెయ్యి ఏస్తా ఉంటే నువ్వేందిమ్మా ఊరికే సూస్తా నిలబడుకోనుండావు?"

సిగ్గేసి ముందుకు వెళ్లబోయాను. అంతలో అతని ఛాతీ ఎడమ పక్క లేవడం లేదని అక్కడి నుంచే కనిపించింది. వెంటనే ఛాతీలోకి ట్యూబ్ వేయమన్నాను. జూనియర్ వేశాడు. అతనికి ఊపిరి ఆడింది.

బయట ఆమె జూనియర్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత నా భుజం తట్టి, "దిగులు పడొద్దు పాపా. ఇంకా సదువుకుంటా ఉండావు గదా, నిదానంగా వస్తాదిలే పని" అంది.

సాయంత్రం నుంచీ ఆలోచిస్తున్నాను, నేను పాసయ్యానా, ఫెయిలయ్యానా? నిజం చెప్పండి, ఆ మంచం మీద మీ మనిషే ఉంటే, మీరు మాత్రం నన్ను పక్కకు జరగమనరూ?