మందు కొట్టిన చెర్రీ చెట్టు

ఈ రోజు మా చిన్నాయన మా చెర్రీ చెట్టుకు మేలు చేశాడు. అప్పటి నుంచి నాకు గుండె దడ.

ఆయనది పెద్దపంజాణి దగ్గర టమోటా సాగు. మదనపల్లె మార్కెట్లో లోడు దించి, తిరిగి పోతూ మా ఇంటికి వచ్చాడు. చెట్టు ఆకులకు చిల్లులు కనబడగానే బండిలోని స్ప్రేయర్ తీసి, టమోటాకు కొట్టే మందే కొట్టి వెళ్లాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటి ముందంతా వాసన. ఫోన్ చేసి అడిగితే ఆయనే సంగతి చెప్పాడు. ఆ కొమ్మలు గోడ దాటి వీధిలోకి వంగి ఉంటాయి. బడికి పోయే పిల్లలు రోజూ పొద్దున్నే ఆ పండ్లు కోసుకుని తింటూ పోతారు.

వెంటనే అట్టముక్క మీద ‘మందు కొట్టాము, తినవద్దు’ అని రాసి కొమ్మకు కట్టాను. ఎదురింటి రత్నమ్మక్క చదివి నవ్వింది.

“యాలమ్మా ఈ అబద్ధాలు? పిల్లోళ్లు నాలుగు పండ్లు తింటే నీ సెట్టు కరిగిపోతాదా?”

“అబద్ధం కాదక్కా, నిజంగానే కొట్టినారు.”

“నాకు సెప్పొద్దు. మా మామిడితోపు కాడ మేమూ ఇదే బోర్డు పెట్టుండాం. ఒక్క సుక్క మందు కొట్టింది లేదు.”

ఒట్టు వేసినా నమ్మలేదు. ఇక లాభం లేదని పండూ కాయా చూడకుండా అందినవన్నీ కోసి గుంటలో పూడ్చాను. నా అంత పిసినారిని ఎక్కడా చూడనట్టు అక్క అరుగు మీద నుంచి చూస్తూనే ఉంది.

ఆ పేరు వచ్చినా ఫరవాలేదు. పైకొమ్మ మాత్రం నాకు అందలేదు. గోడెక్కే పిల్లలకు అందుతుంది. అందుకే రేపు పొద్దున్నే గోడ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాను. అందరూ అబద్ధానికి వాడేసిన మాటనే నిజంగా చెప్పాల్సి వస్తే ఎలా రాయాలో మీకెవరికైనా తెలుసా?